జార్జి గేబ్రియల్ స్టోక్స్

సర్ జార్జి గేబ్రియల్ స్టోక్స్ (1819 ఆగష్టు 13 – 1903 ఫిబ్రవరి 1) ఐర్లండులో జన్మించి, ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో జీవితకాలమంతా పనిచేసిన గణిత, భౌతిక శాస్త్రవేత్త. గాలిలోగాని, నీటిలోగాని కిందికి పడే చిన్న వస్తువుపై గురుత్వాకర్షణ, ప్రవాహి నిరోధం అనే రెండు బలాలు ఏ విధంగా పనిచేస్తాయో ఆయన గణితపరంగా నిరూపించాడు. ఇదే స్టోక్స్ నియమంగా ప్రసిద్ధి చెందింది. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో స్నిగ్ధత, చరమ వేగం చదివే ప్రతి విద్యార్థికీ ఈ పేరు పరిచితమే. మేఘం ఆకాశంలో నిలిచి ఉండటానికి, వాన చినుకు మనిషికి దెబ్బ తగలకుండా నేలకు చేరటానికి, బోధన్ వంటి చోట్ల చక్కెర మిల్లులో చెరకు రసం తేరుకోవటానికి, జలాశయంలో పూడిక చేరటానికి కారణం ఈ రెండు బలాల మధ్య జరిగే పోటీయే.

స్టోక్స్ 1849 నుండి మరణించే వరకు కేంబ్రిడ్జిలో లూకాసియన్ గణిత ఆచార్యుడు. పూర్వం ఐజాక్ న్యూటన్ నిర్వహించిన పీఠం ఇదే. న్యూటన్ వలెనే ఆయన రాయల్ సొసైటీకి అధ్యక్షుడుగాను, విశ్వవిద్యాలయం తరఫున పార్లమెంటు సభ్యుడుగాను కూడా పనిచేశాడు.

బాల్యం, విద్య

స్టోక్స్ ఐర్లండు వాయవ్య భాగాన స్లైగో జిల్లాలోని స్క్రీన్ అనే గ్రామంలో జన్మించాడు. తండ్రి గేబ్రియల్ స్టోక్స్ ఆ గ్రామ చర్చి మతాధికారి. తల్లి ఎలిజబెత్ హాటన్ కూడా మతాధికారి కుటుంబానికి చెందినదే. సంతానంలో జార్జి అందరికంటే చిన్నవాడు. అన్నలు తండ్రి వృత్తినే చేపట్టారు. జార్జి చివరి వరకు దైవభక్తి గలవాడుగానే ఉన్నా, చదువులో గణితం వైపు మొగ్గాడు.

డబ్లిన్‌లో పాఠశాల విద్య సాగుతుండగా 1834లో తండ్రి మరణించాడు. తరువాత బ్రిస్టల్ కళాశాలలో చదివి, 1837లో కేంబ్రిడ్జిలోని పెంబ్రోక్ కళాశాలలో చేరాడు. 1841లో గణిత పట్టపరీక్షలో విశ్వవిద్యాలయం మొత్తం మీద ప్రథమ స్థానం పొందాడు. అదే సంవత్సరం స్మిత్ బహుమతి కూడా గెలుచుకుని పెంబ్రోక్ కళాశాలలో ఫెలోగా ఎన్నికయ్యాడు. 1849లో, ముప్ఫై ఏళ్ళ వయసులో, లూకాసియన్ ఆచార్య పదవి లభించింది. దానికి జీతం తక్కువ కావటంతో కొన్నాళ్ళు లండన్‌లోని ప్రభుత్వ గనుల పాఠశాలలో కూడా బోధించవలసి వచ్చింది.

స్టోక్స్‌కు ముందు పడే వస్తువుల సమస్య

బరువైన వస్తువు వేగంగా, తేలికైనది నెమ్మదిగా పడుతుందని ప్రాచీన గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ కాలం నుండి నమ్మేవారు. రాయి, ఈక కలిపి వదిలితే రాయే ముందు పడుతుంది కాబట్టి ఈ నమ్మకం సహజంగానే తోచింది. ఇటలీకి చెందిన గెలీలియో (1564–1642) దీనిని ఖండించాడు. గాలి లేకపోతే అన్ని వస్తువులూ ఒకే విధంగా వేగం పుంజుకుంటూ పడతాయని ఆయన వాదించాడు. 1971లో అపోలో 15 యాత్రలో వ్యోమగామి డేవిడ్ స్కాట్ చంద్రునిపై సుత్తిని, ఈకను ఒకేసారి వదిలినప్పుడు రెండూ కలిసే పడ్డాయి. చంద్రునిపై గాలి లేకపోవటమే దీనికి కారణం.

భూమిపై గాలి ఉంది. ఆ గాలి చేసే పనిని తెలుగు రైతు కళ్ళంలో ఏటా చూస్తాడు. నూర్చిన ధాన్యాన్ని చేటతో ఎత్తి గాలివాలుకు తూర్పారబడితే గట్టి గింజ దాదాపు నిట్టనిలువుగా రాశిలో పడుతుంది. తాలు, పొట్టు దూరంగా కొట్టుకుపోతాయి. గింజకు బరువుతో పోలిస్తే గాలికి ఎదురయ్యే వైశాల్యం తక్కువ, పొట్టుకు ఎక్కువ. గురుత్వాకర్షణ రెండింటికీ ఒకే త్వరణాన్ని ఇస్తున్నా గాలి నిరోధం వాటిని వేరుచేస్తుంది.

ఈ నిరోధం ఎంత అన్న ప్రశ్నకు సమాధానం వెదికినవారిలో న్యూటన్ ఒకడు. లండన్‌లోని సెయింట్ పాల్ చర్చి లోపల ఎత్తు నుండి గాజు గోళాలను వదిలి కాలాన్ని లెక్కించిన ప్రయోగాల ఫలితాలను ఆయన తన గ్రంథంలో చేర్చాడు. వేగంగా కదిలే పెద్ద వస్తువులకు నిరోధం వేగవర్గానికి అనులోమానుపాతంలో ఉంటుందని తెలిసింది. కానీ మంచు తుంపర, ధూళి రేణువు వంటి అతి చిన్న వస్తువులకు ఈ లెక్క సరిపోలేదు. వాటి విషయంలో ముఖ్యమైనది గాలి అంతర్గత ఘర్షణ, అనగా స్నిగ్ధత.

లోలకం నుండి నియమం వరకు

స్టోక్స్ ఈ సమస్యకు చేరిన మార్గం లోలకం. గురుత్వ త్వరణాన్ని కొలవటానికి ఆ కాలంలో ఉన్న ఉత్తమ సాధనం లోలకమే. గురుత్వం ఎక్కువ ఉన్నచోట అది త్వరగా ఊగుతుంది, తక్కువ ఉన్నచోట నెమ్మదిగా ఊగుతుంది. 1672లో ఫ్రెంచి ఖగోళవేత్త రిషే పారిస్ నుండి భూమధ్యరేఖ సమీపంలోని కయెన్‌కు తీసుకువెళ్ళిన లోలక గడియారం రోజుకు సుమారు రెండున్నర నిమిషాలు వెనుకబడింది. భూమిపై గురుత్వం అన్నిచోట్లా ఒకటి కాదని దీనితో తెలిసింది.

అయితే గాలి లోలకాన్ని కూడా అడ్డగిస్తుంది. మొదటిది, గాలి తేల్చే బలం వలన లోలకం బరువు కొద్దిగా తగ్గుతుంది. రెండవది, ఊగే లోలకం తనతోపాటు కొంత గాలిని మోసుకుపోతుంది. జర్మనీకి చెందిన బెస్సెల్ 1828లో ఈ విషయాన్ని ఎత్తిచూపాడు. తరువాత ఇంగ్లండులో ఫ్రాన్సిస్ బైలీ వివిధ ఆకారాల లోలకాలను గాలిలోనూ, గాలి తోడివేసిన పాత్రలోనూ ఊపి తేడాలను నమోదు చేశాడు. ఆ అంకెలను వివరించగల సిద్ధాంతం మాత్రం ఎవరి వద్దా లేదు.

స్టోక్స్ 1845లోనే స్నిగ్ధత గల ప్రవాహుల చలనానికి సమీకరణాలు రాశాడు. ఫ్రాన్సులో నావియర్ 1822లో వేరే మార్గంలో వీటినే రాబట్టటం వలన ఇవి నావియర్–స్టోక్స్ సమీకరణాలుగా పేరొందాయి. 1850 డిసెంబరులో కేంబ్రిడ్జి ఫిలసాఫికల్ సొసైటీకి సమర్పించిన సుదీర్ఘ పత్రంలో ఆయన ఈ సమీకరణాలను లోలకానికి అన్వయించాడు. గోళం, స్తూపం ఆకారాలు గాలిలో ఊగితే కలిగే నిరోధాన్ని లెక్కగట్టి బైలీ ప్రయోగాలతో పోల్చాడు. ఊగే గోళానికి బదులు ఒకే వేగంతో కదిలే గోళాన్ని తీసుకున్నప్పుడు వచ్చిన సరళమైన ఫలితమే స్టోక్స్ నియమం.

ఆ పత్రంలో ఒక లోపం కూడా ఉంది. గాలిని పలుచన చేస్తే దాని స్నిగ్ధత కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుందని స్టోక్స్ భావించాడు. వాయువుల స్నిగ్ధత పీడనంపై ఆధారపడదని మాక్స్‌వెల్ 1860లో సిద్ధాంతపరంగా చెప్పి, తరువాత ప్రయోగం ద్వారా చూపాడు. దీనివలన స్టోక్స్ గణించిన గాలి స్నిగ్ధత విలువ మారింది గాని, నియమం మారలేదు.

స్టోక్స్ నియమం

ప్రవాహిలో నెమ్మదిగా కదిలే చిన్న గోళంపై నిరోధ బలం కింది విధంగా ఉంటుంది.

నిరోధ బలం = 6 × పై × స్నిగ్ధత × వ్యాసార్ధం × వేగం

ఇక్కడ పై అనగా వృత్తపరిధికి, వ్యాసానికి గల నిష్పత్తి (సుమారు 3.14). పడటం మొదలైన క్షణంలో వేగం లేదు కాబట్టి నిరోధమూ లేదు. వేగం పెరిగేకొద్దీ నిరోధం పెరుగుతుంది. ఒక దశలో నిరోధం, తేల్చే బలం కలిసి గోళం బరువుకు సమానమవుతాయి. అప్పటి నుండి గోళం వేగం పెరగదు. ఈ స్థిర వేగమే చరమ వేగం.

చరమ వేగం = (2/9) × వ్యాసార్ధ వర్గం × సాంద్రతల భేదం × గురుత్వ త్వరణం ÷ స్నిగ్ధత

ఇందులో గమనించవలసినది వ్యాసార్ధ వర్గం. వ్యాసార్ధం రెట్టింపు అయితే వేగం నాలుగు రెట్లు అవుతుంది. పదో వంతు అయితే వేగం నూరో వంతుకు పడిపోతుంది. మేఘంలోని నీటి బిందువు వ్యాసం 0.02 మిల్లీమీటర్లు అనుకుంటే దాని చరమ వేగం సెకనుకు సుమారు 1.2 సెంటీమీటర్లు. కిలోమీటరు ఎత్తు నుండి నిశ్చలమైన గాలిలో నేలకు దిగటానికి దానికి దాదాపు ఒక రోజు పడుతుంది. పైకి లేచే కొద్దిపాటి గాలి కూడా దానిని నిలిపి ఉంచగలదు. నీరు గాలికంటే ఎంతో బరువైనదైనా మేఘం ఎందుకు కిందపడదన్న ప్రశ్నకు స్టోక్స్ తన పత్రంలో ఇచ్చిన సమాధానం ఇదే.

పరిమితులు

స్టోక్స్ నియమం చిన్న వస్తువులకు, తక్కువ వేగాలకు మాత్రమే వర్తిస్తుంది. 2 మిల్లీమీటర్ల వ్యాసం గల వాన చినుకుకు ఈ సూత్రాన్ని వాడితే సెకనుకు 120 మీటర్ల వేగం వస్తుంది. నిజానికి అటువంటి చినుకు సెకనుకు ఆరున్నర మీటర్ల వేగంతో మాత్రమే నేలను తాకుతుంది. పెద్ద చినుకు వెనుక గాలి సుడులు తిరుగుతుంది. నిరోధం వేగవర్గాన్ని అనుసరిస్తుంది. అసలు గాలే లేకపోతే కిలోమీటరు ఎత్తు నుండి పడిన చినుకు గంటకు 500 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంటుంది. అటువంటి వాన పైరును, పశువును, మనిషిని బతకనివ్వదు.

వస్తువు మరీ చిన్నదైనప్పుడు కూడా నియమంలో సవరణ అవసరం. 1909 తరువాతి సంవత్సరాల్లో అమెరికా శాస్త్రవేత్త మిల్లికన్ నూనె బిందువులు గాలిలో పడే వేగాన్ని కొలిచి, స్టోక్స్ నియమాన్ని సవరించి వాడి, ఎలక్ట్రాన్ ఆవేశాన్ని నిర్ణయించాడు. ఆయనకు 1923లో నోబెల్ బహుమతి లభించింది.

తెలుగు నేలపై గురుత్వ కొలతలు

స్టోక్స్ 1854 నుండి 1885 వరకు రాయల్ సొసైటీ కార్యదర్శిగా ఉన్నాడు. ఆ కాలంలోనే భారత త్రికోణమితీయ సర్వే వారు రాయల్ సొసైటీ సహకారంతో దేశంలో గురుత్వాన్ని కొలిచే పని చేపట్టారు. సొసైటీ రెండు ఇత్తడి లోలకాలను ఇచ్చింది. కెప్టెన్ జేమ్స్ బసేవి 1865లో పని ప్రారంభించాడు. గాలి నిరోధాన్ని వీలైనంత తగ్గించటానికి లోలకాన్ని మూసిన పాత్రలో ఉంచి, గాలిని చాలావరకు తోడివేసి ఊపేవారు. మిగిలిన గాలి ప్రభావానికి, ఉష్ణోగ్రతకు సవరణలు చేసేవారు.

కన్యాకుమారి నుండి హిమాలయాల వరకు 78 డిగ్రీల తూర్పు రేఖాంశం పొడవునా సాగిన ఈ కేంద్రాలలో కొడంగల్, బీదరుకు సమీపంలోని దామర్‌గిడ ఉన్నాయి. తూర్పు తీరంలో కాకినాడలో కూడా లోలకాన్ని ఊపారు. దామర్‌గిడ 18 డిగ్రీల 3 నిమిషాల ఉత్తర అక్షాంశం వద్ద, తరువాతి కేంద్రమైన సోంతాణ 19 డిగ్రీల 5 నిమిషాల వద్ద ఉన్నాయి. బోధన్, నిజామాబాదు పట్టణాలు ఈ రెండు అక్షాంశాల మధ్యనే, ఆ రేఖాంశానికి ఆనుకునే ఉన్నాయి.

బసేవి 1871 జూలై 17న లడఖ్‌లోని మోరే వద్ద, 15,400 అడుగులకు పైబడిన ఎత్తులో, లోలక పరిశీలనలు చేస్తూ చలికి తట్టుకోలేక మరణించాడు. అప్పటికి ఆయన వయసు 39 సంవత్సరాలు. మిగిలిన పనిని కెప్టెన్ హెవిసైడ్ పూర్తిచేశాడు. హిమాలయాలను సమీపించేకొద్దీ గురుత్వం లెక్కకంటే తక్కువగాను, సముద్ర తీరాలలో, దీవులలో ఎక్కువగాను ఉన్నట్లు ఈ కొలతలు చూపాయి. పర్వతాల కింద భూపటలం తేలికైన పదార్థంతో ఉంటుందన్న భావనకు ఇవి బలం చేకూర్చాయి. ఈ తేడాలు చాలా సూక్ష్మమైనవి. గాలి ప్రభావాన్ని సరిగా తీసివేయకపోతే అవి బయటపడేవి కావు.

భూమి ఉపరితలంపై గురుత్వ విలువలు తెలిస్తే సముద్రమట్టపు నిజ ఆకారాన్ని కనుగొనవచ్చునని స్టోక్స్ 1849లోనే చూపాడు. భూభౌతిక శాస్త్రంలో ఆ సూత్రం వాడుకలో ఉంది. 1961లో హైదరాబాదులో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ దేశపు గురుత్వ పటాలను రూపొందించింది. ఇటువంటి పటాల్లో వాడే ప్రమాణానికి గెలీలియో పేరు మీదుగా గాల్ అని పేరు.

చెరకు రసం, జలాశయపు పూడిక

స్టోక్స్ నియమం గాలికే కాక ద్రవాలకూ వర్తిస్తుంది. పల్లెల్లో బురదనీటిని తేర్చటానికి కుండ లోపల చిల్లగింజను అరగదీసే అలవాటు పూర్వం నుండి ఉంది. ఆ గింజ లోని పదార్థం సన్నని మట్టి రేణువులను కూడగడుతుంది. రేణువు పెద్దదైతే చరమ వేగం దాని వ్యాసార్ధ వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది కాబట్టి మట్టి త్వరగా అడుగుకు చేరుతుంది.

చక్కెర మిల్లులో జరిగేది ఇదే పని, పెద్ద ఎత్తున. గానుగల నుండి వచ్చిన రసంలో మట్టి, పీచు, మైనం వంటి మలినాలు ఉంటాయి. రసానికి సున్నపు పాలు కలిపి, గంధకపు పొగ పట్టించి, మరిగే స్థితి వరకు వేడిచేస్తారు. సున్నం వలన మలినాలు ముద్దలు కడతాయి; వేడి వలన రసం స్నిగ్ధత తగ్గుతుంది. ఈ రెండూ చరమ వేగాన్ని పెంచేవే. తరువాత రసాన్ని క్లారిఫయర్ అనే పెద్ద తొట్టిలో నెమ్మదిగా పారిస్తే మడ్డి అడుగుకు దిగి, తేట రసం పైనుండి వస్తుంది. మడ్డి దిగకముందే రసాన్ని తోడితే చక్కెర రంగు చెడుతుంది. ఎక్కువసేపు నిలిపితే రసంలోని చక్కెర విరిగి నష్టం కలుగుతుంది. 1937లో బోధన్‌లో స్థాపించబడి, ఒకప్పుడు ఆసియాలోని పెద్ద చక్కెర మిల్లులలో ఒకటిగా పేరొందిన నిజాం చక్కెర కర్మాగారం చుట్టుపక్కల రైతుల జీవనాధారంగా ఉండేది. అది 2015 డిసెంబరులో మూతపడింది.

ఆ చెరకు తోటలకు నీరిచ్చినది మంజీరా నదిపై 1923–1931 మధ్య నిర్మించిన నిజాంసాగర్. అక్కడ ఇదే నియమం రైతుకు నష్టం కలిగించింది. పారే నీటిలోని సుడులు సన్నని ఒండ్రును పైకెత్తి మోసుకువస్తాయి. జలాశయంలో నీరు నిలవగానే గురుత్వాకర్షణది పైచేయి అవుతుంది. ఇసుక జలాశయపు మొదటనే, సన్నని మట్టి మరికొంత దూరం వెళ్ళాక అడుగుకు చేరుతుంది. పూడిక వలన నిజాంసాగర్ నిల్వ సామర్థ్యం గణనీయంగా తగ్గింది.

వంతెనలు, గాలి తాకిడి

గాలి నిరోధాన్ని గురించిన జ్ఞానం ప్రాణాలకు సంబంధించిన విషయమని స్టోక్స్ జీవితకాలంలోనే తెలిసివచ్చింది. 1847లో చెస్టర్ వద్ద డీ నదిపై రైలు వంతెన కూలిన తరువాత, కదిలే బరువు కింద వంతెన ఎలా వంగుతుందో ఆయన గణించాడు. 1879 డిసెంబరు 28 రాత్రి స్కాట్లండులో టే నదిపై వంతెన పెనుగాలికి కూలి, దానిపై వెళుతున్న రైలు నదిలో పడింది. రైలులోని వారంతా మరణించారు. వంతెన రూపకల్పనలో గాలి తాకిడికి తగినంత అవకాశం ఇవ్వలేదని విచారణలో తేలింది. ఆ విచారణలో స్టోక్స్ సాక్ష్యమిచ్చాడు. తరువాత రైలు కట్టడాలపై గాలి ఒత్తిడిని నిర్ణయించేందుకు ఏర్పడిన సంఘంలో సభ్యుడుగా ఉన్నాడు. చదరపు అడుగుకు 56 పౌండ్ల ఒత్తిడిని తట్టుకునేలా కట్టాలని ఆ సంఘం 1881లో సిఫారసు చేసింది. 1890లో ప్రారంభమైన ఫోర్త్ వంతెన ఈ ప్రమాణంతోనే నిర్మించబడింది.

ఇతర పరిశోధనలు

కంటికి కనిపించని అతినీలలోహిత కాంతి కొన్ని పదార్థాలపై పడినప్పుడు అవి కనిపించే కాంతిని వెదజల్లటాన్ని స్టోక్స్ 1852లో వివరించాడు. ఈ ప్రతిదీప్తి పరిశోధనకు రాయల్ సొసైటీ రమ్‌ఫర్డ్ పతకం ఇచ్చింది. సదిశా గణితంలోని స్టోక్స్ సిద్ధాంతం ఆయన పేరుతో ఉన్నా, దానిని 1850లో ఒక ఉత్తరంలో ఆయనకు తెలిపినది విలియం థామ్సన్ (తరువాత కెల్విన్ ప్రభువు). స్టోక్స్ దానిని 1854 స్మిత్ బహుమతి పరీక్షలో ప్రశ్నగా ఇవ్వటం వలన ఆ పేరు స్థిరపడింది. ఆ పరీక్ష రాసిన వారిలో మాక్స్‌వెల్ ఒకడు.

కార్యదర్శిగా మూడు దశాబ్దాలపాటు ఇతరుల పత్రాలను చదివి సరిదిద్దటానికి ఆయన ఎంతో కాలం వెచ్చించాడు. దానివలన సొంత పరిశోధన తగ్గినా, ఆ కాలపు బ్రిటిష్ విజ్ఞానశాస్త్రానికి ఎంతో మేలు జరిగింది.

కుటుంబం, చివరి రోజులు

1857లో స్టోక్స్ మేరీ సుసన్నా రాబిన్సన్‌ను వివాహం చేసుకున్నాడు. ఆమె తండ్రి రామ్నీ రాబిన్సన్ ఐర్లండులోని ఆర్మా వేధశాల ఖగోళవేత్త. గాలి వేగాన్ని కొలిచే గిన్నెల యంత్రాన్ని రూపొందించినవాడు. వివాహితులు ఫెలోగా ఉండరాదన్న నిబంధన వలన స్టోక్స్ ఆ స్థానాన్ని వదులుకోవలసి వచ్చింది. నిబంధనలు మారాక తిరిగి పొందాడు. సంతానంలో ఇద్దరు కుమార్తెలు శైశవంలోనే మరణించారు. భార్య 1899లో మరణించింది.

1885 నుండి 1890 వరకు రాయల్ సొసైటీ అధ్యక్షుడుగాను, 1887 నుండి 1892 వరకు పార్లమెంటు సభ్యుడుగాను ఉన్నాడు. 1889లో బారొనెట్ బిరుదు, 1893లో కాప్లే పతకం లభించాయి. 1902లో తాను చదివిన పెంబ్రోక్ కళాశాలకే అధిపతి అయ్యాడు. 1903 ఫిబ్రవరి 1న కేంబ్రిడ్జిలో మరణించాడు.

వారసత్వం

స్నిగ్ధతకు, సాంద్రతకు గల నిష్పత్తిని కొలిచే ఒక ప్రమాణానికి స్టోక్స్ అని పేరు. చంద్రునిపైన, అంగారకునిపైన ఒక్కొక్క బిలానికి ఆయన పేరు పెట్టారు. వాతావరణ శాస్త్రంలో మేఘ బిందువుల లెక్క, నేలలోని ఇసుక, ఒండ్రు, బంకమట్టి పాళ్ళను కనుగొనే పరీక్ష, నీటిశుద్ధి కేంద్రాల తేర్పుడు తొట్ల రూపకల్పన మొదలైనవన్నీ ఆయన నియమంపై ఆధారపడినవే. నావియర్–స్టోక్స్ సమీకరణాలకు మూడు పరిమాణాలలో ఎల్లప్పుడూ సక్రమమైన సాధన ఉంటుందా అన్న ప్రశ్నను అమెరికాలోని క్లే గణిత సంస్థ 2000లో పది లక్షల డాలర్ల బహుమతి గల ఏడు సమస్యలలో ఒకటిగా ప్రకటించింది.